ఒక వంపులో రెండు వేగాలు: ఎక్స్‌పొనెన్షియల్స్ మొత్తాన్ని డేటాకు ఫిట్ చేయడానికి ఏ పద్ధతి ఎవరికి?

వెండి రేకును కాసేపు న్యూట్రాన్ల ఎదుట ఉంచి, తీసి, వెంటనే గైగర్ కౌంటర్ కింద పెడతారు. ఫిజిక్స్ ల్యాబుల్లో ఇది పాత ప్రయోగమే. సహజమైన వెండిలో 107, 109 అనే రెండు ఐసోటోపులు దాదాపు సగం సగంగా ఉంటాయి. న్యూట్రాన్‌ను మింగాక ఒకటి 108 అవుతుంది, రెండోది 110 అవుతుంది. వెండి-110 అర్ధాయువు 24.6 సెకన్లు. వెండి-108ది సుమారు 2.4 నిమిషాలు. కౌంటర్‌కు ఈ తేడా తెలియదు, రెండింటి టిక్కులనూ కలిపి ఒకే లెక్కగా చూపిస్తుంది. ఆ ఒక్క వంపులోంచి రెండు వేగాలను బయటికి లాగాలి. పాలలోంచి నీళ్ళు వేరుచేసే హంస పని అన్నమాట.

ఇదే పని వేరే పేర్లతో చాలాచోట్ల ఎదురవుతుంది. ఇంజెక్షన్ ఇచ్చాక రక్తంలో మందు తగ్గే తీరు, ఎమ్మారైలో సిగ్నల్ ఆరిపోయే తీరు, లోడ్ తీసేశాక బ్యాటరీ వోల్టేజీ కోలుకునే తీరు, వీటన్నిటినీ రెండు మూడు ఎక్స్‌పొనెన్షియల్స్ (సమాన కాలంలో సమాన నిష్పత్తిలో తగ్గిపోయే వంపులు) మొత్తంగానే రాస్తారు. "దీనికి ఏ పద్ధతి మంచిది?" అని ఎవరైనా అడిగితే నేను ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను: నీకు వంపు కావాలా, వేగాలు కావాలా? చాలామందికి ఈ ప్రశ్న కోపం తెప్పిస్తుంది. కానీ ఎంపిక సగం ఇక్కడే తేలిపోతుంది.

ముందుగా ఒక పాత హెచ్చరిక

హంగరీలో పుట్టిన గణితవేత్త కార్నీలియస్ లాంట్సోష్ 1956లో వచ్చిన తన పుస్తకంలో ఒక ఉదాహరణ ఇచ్చాడు. మూడు ఎక్స్‌పొనెన్షియల్స్ తీసుకున్నాడు. వాటి రేట్లు, అంటే తగ్గే వేగాలు, 1, 3, 5. గుణకాలు, అంటే కాలం సున్నా దగ్గర ఒక్కోదాని విలువ, వరుసగా 0.0951, 0.8607, 1.5576. కాలం 0 నుంచి 1.15 దాకా 0.05 చొప్పున 24 బిందువులు లెక్కగట్టి, విలువలను రెండు దశాంశాలకు కుదించాడు. ఆ డేటాకు రెండే ఎక్స్‌పొనెన్షియల్స్ చక్కగా సరిపోయాయి: రేటు 4.45, గుణకం 2.202 ఒకటి, రేటు 1.58, గుణకం 0.305 ఇంకొకటి. అసలు డేటాలో ఈ రెండు రేట్లూ లేనే లేవు.

నమ్మకం కుదరకపోతే కాలిక్యులేటర్ తీసి చూడండి. కాలం 0.5 దగ్గర అసలు మొత్తం 0.3776, నకిలీ మొత్తం 0.3764. కాలం 1 దగ్గర 0.0883, 0.0885. రెండు దశాంశాల్లో రాస్తే తేడా కనబడదు.

ఇంకొంచెం ముందుకు వెళ్ళి వంపు కింద వైశాల్యం లెక్కేస్తే అసలుది 0.6935 వస్తుంది, నకిలీది 0.6879. తేడా ఒక శాతం కూడా లేదు. కానీ కాలం 5 దగ్గర ఎంత ఉంటుందని అడిగితే అసలు జవాబు 0.00064, నకిలీది 0.00011. దాదాపు ఆరు రెట్ల తేడా. ఒకే ఫిట్ (డేటాకు సరిపోయేలా కుదిర్చిన సూత్రం) వైశాల్యం విషయంలో నమ్మదగినదే, కొలిచిన హద్దు దాటాక మోసం చేసేదే, లోపల ఎన్ని ముక్కలున్నాయంటే మాత్రం పూర్తిగా తప్పు.

ఈ లాంట్సోష్ డేటా ఇప్పటికీ బతికే ఉంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఫిట్టింగ్ ప్రోగ్రాములను పరీక్షించడానికి పెట్టిన డేటా సెట్లలో దీనివి మూడు రూపాలున్నాయి. అయిదు అంకెల కచ్చితత్వం ఉన్న మూడో రూపంలో సరైన కనిష్ఠ వర్గాల జవాబే (తేడాల వర్గాల మొత్తాన్ని అతి తక్కువ చేసేది) 0.0951కి బదులు 0.0868, రేటు 1కి బదులు 0.955. ప్రోగ్రామ్ తప్పు చేయలేదు. అయిదో అంకె దగ్గర జరిగిన కుదింపుకే మొదటి గుణకం తొమ్మిది శాతం దాకా జారిపోయింది. మన ల్యాబుల్లో రెండు మూడు అంకెలు నమ్మకంగా వస్తే గొప్ప.

పద్ధతి మార్చి దీన్ని దాటలేం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్. రావు 1945లో చూపించిన హద్దు, తర్వాత క్రామర్-రావు పేరుతో పాఠ్యపుస్తకాలకెక్కింది, సరిగ్గా ఈ మాటే చెబుతుంది: ఇంత నాయిస్ (కొలతల్లోని యాదృచ్ఛిక ఒడుదొడుకులు) ఉన్న ఇన్ని బిందువుల నుంచి, పక్షపాతం లేని ఏ అంచనా అయినా ఒక స్థాయి కంటే తక్కువ పొరపాటుతో రాదు. రెండు రేట్లు దగ్గరికి జరిగేకొద్దీ ఆ హద్దు వేగంగా పైకి పోతుంది. నా లెక్కలో ఒక రేటు రెండోదానికి కనీసం మూడు రెట్లు లేకపోతే మామూలు ల్యాబ్ డేటాతో విడదీయగలనని ఆశ పెట్టుకోను. వెండి ప్రయోగంలో ఆ నిష్పత్తి 5.8. అందుకే అది విద్యార్థులకు ఇచ్చే ప్రయోగమైంది.

పీలింగ్: చేత్తో చేసేది, ఇప్పటికీ పనికొచ్చేది

సెమీలాగ్ కాగితం (నిలువు అక్షం లాగరిథమ్ కొలతలో ఉండేది) మీద కౌంట్లు గీస్తారు. చివర్లో వేగమైన ముక్క ఆరిపోయి గీత సరళరేఖ అవుతుంది. ఆ రేఖను వెనక్కి పొడిగించి, మొదటి భాగంలోంచి తీసేస్తే మిగిలేది వేగమైన ముక్క. ఉల్లిపాయ పొర ఒలిచినట్టే. ఫార్మసీ కోర్సుల్లో దీన్నే రెసిడ్యువల్స్ పద్ధతి అని చెబుతారు.

ఇందులో చిక్కంతా "చివర" ఎక్కడ మొదలవుతుందన్న దగ్గరే ఉంది. మొదట్లో వెండి-110 నుంచి సెకనుకు 400, వెండి-108 నుంచి 100 కౌంట్లు వస్తున్నాయనుకుందాం. 150 సెకన్లకు, అంటే వేగమైనదానికి ఆరు అర్ధాయువులు గడిచాక, అది అయిపోయి ఉంటుందని అనిపిస్తుంది. లెక్క వేస్తే ఇంకా 5.8 మిగిలి ఉంటుంది, నెమ్మదైనది 48 దగ్గర ఉంటుంది. వచ్చే కౌంట్లలో తొమ్మిదో వంతు ఇంకా వేగమైనదే. అక్కడినుంచి సరళరేఖ గీస్తే నెమ్మదైన ముక్క ఉన్నదానికంటే వేగంగా ఆరుతున్నట్టు కనిపిస్తుంది. ఆ పొరపాటు మొదటి ముక్కలోకి కూడా పాకుతుంది. నాలుగు నిమిషాలు ఆగితే వేగమైన భాగం ఒకటిన్నర శాతానికి దిగుతుంది. నేనైతే అక్కడే మొదలుపెడతాను.

మరీ ఆలస్యం చేస్తే ఇంకో గొయ్యి. బ్యాక్‌గ్రౌండ్ (రేకు లేకపోయినా వచ్చే టిక్కులు) సెకనుకు అర కౌంట్ ఉందనుకోండి. పది నిమిషాలకు వెండి-108 నుంచి వచ్చేది 5.4, బ్యాక్‌గ్రౌండ్ అందులో పదోవంతు. పదిహేను నిమిషాలకు 1.3 మాత్రమే మిగులుతుంది. బ్యాక్‌గ్రౌండ్‌ను పట్టించుకోకపోతే తోక పైకి వంగి, నెమ్మదైన అర్ధాయువు సాగిపోతుంది. ఫిట్‌లో బ్యాక్‌గ్రౌండ్‌ను తెలియని స్థిరాంకంగా వదిలేస్తే అది నెమ్మదైన ముక్కతో పెనవేసుకుపోతుంది. రేకు లేకుండా ఓ అరగంట విడిగా కొలిచి పెట్టుకోవడం ఏ సాఫ్ట్‌వేర్ కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

పీలింగ్‌ను చివరి జవాబుగా ఇవ్వొద్దని నా సలహా. కానీ మొదటి అడుగుగా దీన్ని మించింది లేదు. కంటితో వంపు చూస్తాం, ముక్కలు రెండా మూడా అన్న అందాజా వస్తుంది, తర్వాత వాడబోయే ప్రోగ్రాముకు మొదటి విలువలు దొరుకుతాయి.

ప్రోనీ, దాని వారసులు

ఫ్రెంచ్ ఇంజినీర్ గాస్పార్ ద ప్రోనీ 1795లో ఒక చమత్కారం కనిపెట్టాడు. సమాన విరామాల్లో కొలతలుంటే, రెండు ఎక్స్‌పొనెన్షియల్స్ మొత్తంలో ప్రతి విలువనూ దాని ముందున్న రెండు విలువలను చెరో స్థిర సంఖ్యతో గుణించి, కూడి రాయవచ్చు. ఆ రెండు సంఖ్యలు సరళ సమీకరణాలతో దొరుకుతాయి. వాటితో ఒక వర్గ సమీకరణం రాసి మూలాలు కనుక్కుంటే రేట్లు వచ్చేస్తాయి. మొదటి విలువలు ఊహించనక్కర్లేదు, లూపులు తిప్పనక్కర్లేదు.

వినడానికి అద్భుతం. నాయిస్ లేని డేటాలో నిజంగానే అద్భుతం. నాయిస్ వచ్చిందా, సమీకరణంలో రెండువైపులా అదే నాయిస్ కూర్చుని జవాబును ఒకపక్కకు లాగుతుంది. ఒకే ఎక్స్‌పొనెన్షియల్ ఉన్న సులభమైన సందర్భంలో చూస్తే రేటు ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది. బిందువులు ఎన్ని పెంచినా ఈ పక్షపాతం పోదు. రెండు ముక్కలుంటే ఒక్కోసారి మూలాలు సంకీర్ణ సంఖ్యలై, ఆరిపోవాల్సిన వంపు ఊగుతున్నట్టు జవాబు వస్తుంది. రేడియోధార్మికతలో ఊగడం ఎక్కడిదండీ!

దీని మెరుగైన రూపం మ్యాట్రిక్స్ పెన్సిల్. 1990లో హువా, సర్కార్ దీన్ని వివరంగా రాశారు. డేటాను పెద్ద మ్యాట్రిక్స్‌గా పేర్చి, నాయిస్‌కు చెందిన సింగ్యులర్ వాల్యూస్‌ను (మ్యాట్రిక్స్‌లోని ఒక్కో భాగం ఎంత బలమైనదో చెప్పే సంఖ్యలు) ముందే కత్తిరించేస్తారు. దీనివల్ల ఇంకో లాభం, ముక్కలెన్ని అన్నదానికి ఒక సూచన దొరుకుతుంది. నాయిస్ మట్టానికి పైన రెండే విలువలు నిలబడితే మూడో ముక్క కోసం వెతకడం మానేయొచ్చు. సమాన విరామాలుండి, నాయిస్ తక్కువగా, వేలకొద్దీ వంపులు గబగబా ఫిట్ చేయాల్సి వస్తే నా ఓటు దీనికే. రక్త నమూనాల్లాగా పావుగంటకు ఒకటి, తర్వాత నాలుగు గంటలకు ఒకటి అన్నట్టుంటే ఇది మీకు కాదు.

విరామాలు అసమానంగా ఉన్నవాళ్ళకు సమాకలనం దారి ఉంది. రెండు ఎక్స్‌పొనెన్షియల్స్ మొత్తం ఒక అవకలన సమీకరణాన్ని పాటిస్తుంది కాబట్టి, దాన్ని రెండుసార్లు సమాకలనం చేస్తే డేటా, దాని కింద వైశాల్యం, ఆ వైశాల్యపు వైశాల్యం, వీటి మధ్య సరళ సంబంధం మిగులుతుంది. ట్రెపిజాయిడ్ పద్ధతిలో వైశాల్యాలు కూడి మామూలు రిగ్రెషన్ వేస్తే చాలు, ఎక్సెల్‌లో కూడా అయిపోతుంది. సమాకలనం నాయిస్‌ను కొంత అణుస్తుంది కూడా. బిందువులు మరీ పలచగా ఉంటే వైశాల్యమే తప్పుతుంది, అంతే.

నాన్‌లీనియర్ కనిష్ఠ వర్గాలు: అందరూ చివరికి చేరే చోటు

లెవెన్‌బర్గ్ 1944లో, మార్క్వార్ట్ 1963లో రాసిన పద్ధతే ఈనాటికీ చాలా ప్రోగ్రాముల్లో లోపల తిరుగుతోంది. పైథాన్‌లో సైపై, ఆర్ భాషలో ఎన్‌ఎల్‌ఎస్, ఏదైనా వాడండి. గణితం బాగానే ఉంటుంది, మనం ఇచ్చే మొదటి విలువలే బాగుండవు.

సైపైలో మొదటి విలువలు ఇవ్వకపోతే అది అన్ని పారామీటర్లనూ 1 అనుకుంటుంది. అప్పుడు రెండు ఎక్స్‌పొనెన్షియల్స్ కవలపిల్లల్లా ఒకేచోట మొదలవుతాయి. ప్రోగ్రాముకు ఒకదాన్ని అటు, ఇంకొకదాన్ని ఇటు జరపడానికి ఏ కారణమూ కనబడదు. రెండూ కలిసే నడిచి, ఒకే ఎక్స్‌పొనెన్షియల్ దగ్గర ఆగిపోతాయి. పొరపాటు అంచనాల చోట అనంతం కనిపిస్తుంది. ఆర్‌లో అయితే "సింగ్యులర్ గ్రేడియంట్" అని నిర్మొహమాటంగా చెప్పేస్తుంది. కాలం సెకన్లలో 600 దాకా ఉండి మొదటి రేటు 1 అయితే ఇంకో తంటా: ఎక్స్‌పొనెన్షియల్ మొదటి కొన్ని సెకన్లలోనే సున్నా అయిపోతుంది, మిగతా డేటా అంతా ప్రోగ్రాముకు కనబడకుండా పోతుంది. నేనూ ఒక సాయంత్రమంతా సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుని, చివరికి సెకన్లను నిమిషాలు చేస్తే రెండు క్షణాల్లో కుదిరిన రోజు ఉంది.

మందులు తెలిసినవే. పీలింగ్ విలువలతో మొదలుపెట్టండి. రేటుకు బదులు రేటు లాగరిథమ్‌ను పారామీటర్‌గా తీసుకోండి, అప్పుడది రుణాత్మకం కాలేదు. ఇరవై ముప్పై వేర్వేరు చోట్ల నుంచి మొదలుపెట్టి, చాలాసార్లు ఒకే చోటికి చేరుతుందా అని చూడండి.

వెయిట్ల సంగతి, అంటే ఏ బిందువుకు ఎంత ప్రాధాన్యమన్నది, దీనికంటే ముఖ్యం. కౌంట్లకు లాగరిథమ్ తీసి సరళరేఖ ఫిట్ చేసేవాళ్ళు, 10 కౌంట్లున్న బిందువుకూ 4000 కౌంట్లున్న బిందువుకూ ఒకే గౌరవం ఇస్తున్నారు. 10 కౌంట్ల దగ్గర పొరపాటు మూడోవంతు, 4000 దగ్గర ఒకటిన్నర శాతం. సున్నా కౌంట్లు వచ్చాయా, లాగరిథమే లేదు. బ్యాక్‌గ్రౌండ్ తీసేశాక రుణాత్మకం వస్తే దాన్ని చెరిపేసేవాళ్ళు తోకను పైకి వంచుతున్నట్టే. రేడియోధార్మిక కౌంట్లకు సరైన దారి పాయిసన్ లైక్లీహుడ్ (యాదృచ్ఛికంగా వచ్చే కౌంట్ల సంభావ్యతతో ఫిట్ చేయడం): బ్యాక్‌గ్రౌండ్‌ను డేటాలోంచి తీయకుండా మోడల్‌లో కలపాలి. పది సెకన్ల గడుల్లో కౌంట్లు కూడితే అర్ధాయువుకు నష్టం లేదు, గుణకం మాత్రం రవ్వంత మారుతుంది. డెడ్ టైమ్ (ఒక టిక్కు తర్వాత కౌంటర్ ఏమీ లెక్కించలేని క్షణం) అలా కాదు. ట్యూబుది 100 మైక్రోసెకన్లయితే సెకనుకు 500 కౌంట్ల దగ్గర అయిదు శాతం పోతుంది, ఆ నష్టమంతా వేగమైన ముక్క నెత్తినే పడుతుంది.

ఇక్కడే వేరియబుల్ ప్రొజెక్షన్ గురించి చెప్పాలి. గోలబ్, పెరేరా 1973లో ఇచ్చిన ఆలోచన ఇది. రేట్లు తెలిస్తే గుణకాలు మామూలు సరళ లెక్క. కాబట్టి వెతకాల్సింది రేట్లను మాత్రమే, గుణకాలు ప్రతిసారీ వాటంతట అవే తేలతాయి. నాలుగు పారామీటర్ల వెతుకులాట రెండుకు దిగుతుంది. ఆర్‌లో ఎన్‌ఎల్‌ఎస్‌కు ప్లీనియర్ అన్న ఆప్షన్ ఇస్తే ఇదే జరుగుతుంది. ఒకటి గుర్తుంచుకోండి: దీని జవాబు మామూలు పద్ధతి జవాబుకంటే "మంచిది" కాదు. చేరాల్సిన గమ్యం ఒకటే, ఇది తడబడకుండా చేరుతుంది. నాకు నచ్చేది ఇంకొకటి. రెండే రేట్లు కాబట్టి రెండు అక్షాల మీద గ్రిడ్ వేసి, ఫిట్ ఎంత బాగుందో బొమ్మగా గీయొచ్చు. గుండ్రటి గుంట కనిపిస్తే నిశ్చింత. పొడవాటి కాలువ కనిపిస్తే ఆ కాలువ పొడుగునా ప్రతి జవాబూ మీ డేటాకు సమ్మతమే, ప్రోగ్రాము ముద్రించిన మూడు దశాంశాలకు అర్థం లేదు. ఒక్కటే పద్ధతి నేర్చుకునే ఓపిక ఉందంటే ఇది నేర్చుకోండి.

ముక్కలుగా కాక, రేట్లు పరుచుకుని ఉంటే?

రాళ్ళ రంధ్రాల్లోని నీరు, మెదడు కణజాలంలోని నీరు, రకరకాల పరిమాణాల రేణువులున్న ద్రావణం, వీటిలో రేట్లు రెండో మూడో కాదు, పరుచుకుని ఉంటాయి. అక్కడ వంద దాకా రేట్లను లాగ్ స్కేల్ మీద ముందే పేర్చి, ఏ రేటుకు ఎంత గుణకమో రుణాత్మకం కాకుండా వెతుకుతారు. లాసన్, హాన్సన్ 1974లో ఇచ్చిన ఎన్‌ఎన్‌ఎల్‌ఎస్ దీనికి పనిముట్టు. ప్రొవెంచర్ 1982లో ఇచ్చిన కాంటిన్ ప్రోగ్రాము దానికి నునుపుదనం జోడించింది. ఆయిల్ బావుల్లో ఎన్‌ఎంఆర్ లాగింగ్ (అయస్కాంత సిగ్నల్‌తో బావి చుట్టూ రాళ్ళను కొలవడం) చేసేవాళ్ళు ఇలా వచ్చిన పంపిణీని ఇసుకరాయికి 33 మిల్లీసెకన్ల దగ్గర కోసి, కదలని నీరెంత, కదిలే ద్రవమెంత అని అంచనా కడతారు.

దీని చిక్కు: నునుపు లేకపోతే ముళ్ళలా రెండు మూడు శిఖరాలు వస్తాయి, ప్రయోగం మళ్ళీ చేస్తే అవి జరుగుతాయి. నునుపు పెడితే గుండ్రటి కొండలు వస్తాయి, కానీ ఆ కొండ వెడల్పు ప్రకృతిది కాదు, మనం పెట్టిన నునుపుది. శిఖరాల కింద మొత్తం వైశాల్యం నమ్మదగినది, శిఖరం ఆకారం కాదు. వెండి ప్రయోగానికి దీన్ని వాడటం మాత్రం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. అక్కడ రెండే ముక్కలని మనకు ముందే తెలుసు.

గుణకాల్లో ఒకటి రుణాత్మకమైతే ఈ పద్ధతి అసలు పనికిరాదు. మాత్ర మింగాక రక్తంలో మందు ముందు పెరిగి తర్వాత తగ్గుతుంది కదా, అది రెండు ఎక్స్‌పొనెన్షియల్స్ తేడా. అక్కడ ఇంకో తిరకాసు కూడా ఉంది: శోషణ రేటునూ విసర్జన రేటునూ తారుమారు చేసినా వంపు మారదు, లెక్కలో మందు విస్తరించే పరిమాణం మాత్రం మారుతుంది. దీన్ని ఫ్లిప్-ఫ్లాప్ అంటారు. ఏ ఫిట్టింగూ తేల్చలేదు, ఇంజెక్షన్ ఇచ్చి కొలిచిన డేటా కావాలి.

మరి మీరు ఏది ఎంచుకోవాలి?

మీకు కావాల్సింది వంపు కింద వైశాల్యమే అయితే ఫిట్టింగే మానేయండి. హైదరాబాద్ చుట్టుపక్కల బయోఈక్వివలెన్స్ (రెండు మందులు రక్తంలోకి ఒకేలా చేరతాయా అని చూసే) అధ్యయనాల్లో పనిచేసేవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. వైశాల్యం ట్రెపిజాయిడ్లతో, తోక చివరి కొన్ని బిందువుల వాలుతో తెమిలిపోతాయి. పైన లాంట్సోష్ లెక్కలో చూశాం, వైశాల్యానికి ముక్కల సంఖ్యతో పెద్దగా పనిలేదు.

వంపును నునుపుగా గీసి మధ్య విలువలు చదవడమే పనైతే ఏ రాయైతేనేం. తక్కువ ముక్కలతో కుదిరినదాన్ని తీసుకోండి, రేట్లకు పేర్లు మాత్రం పెట్టొద్దు.

రేట్లే కావాలంటే, ముక్కలెన్నో భౌతిక కారణంతో ముందే తెలిసి ఉండాలి. అప్పుడు పీలింగ్‌తో మొదలు, వేరియబుల్ ప్రొజెక్షన్‌తో ముగింపు, కౌంట్లయితే పాయిసన్‌తో చివరి మెరుగు. ముక్కలెన్నో తెలియకపోతే ఒకటి పెంచి రెసిడ్యువల్స్ (డేటాకూ ఫిట్‌కూ మధ్య మిగిలే తేడాలు) గీసి చూడండి. అలల్లా ఉంటే ఇంకొకటి కావాలి, చిందరవందరగా ఉంటే చాలు. బీఐసీ (ముక్కలు పెరిగినకొద్దీ జరిమానా వేసే కొలమానం) చూసుకోవచ్చు, తప్పులేదు. దగ్గర దగ్గర రేట్లతో ఒకటి పెద్ద ధన గుణకం, ఇంకొకటి పెద్ద రుణ గుణకం వచ్చి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంటే మీరు హద్దు దాటారని గుర్తు.

ఒకే రకం వంపులు పది ఉంటే విడివిడిగా ఫిట్ చేసి సగటు తీయొద్దు. రేట్లు అందరికీ ఉమ్మడి, గుణకాలు ఎవరివి వారివి అని కలిపి ఫిట్ చేయండి. వెండి రేకును ఒకసారి పది సెకన్లు, ఇంకోసారి పది నిమిషాలు న్యూట్రాన్లలో ఉంచితే రెండు ముక్కల పాళ్ళు బాగా మారతాయి, అర్ధాయువులు మారవు. ఆ రెండు వంపులూ కలిసి ఇచ్చే సమాచారం ఒకే వంపును రెండుసార్లు కొలిస్తే రాదు.

ఏది ఎంచుకున్నా, అసలు డేటాకు చేయి పెట్టే ముందు నకిలీ డేటా చేయండి. మీరు ఆశించే రేట్లు, మీ కౌంట్లు, మీ బ్యాక్‌గ్రౌండ్, మీ విరామాలు పెట్టి, యాదృచ్ఛిక నాయిస్ కలిపి, రెండు వందల సార్లు ఫిట్ చేయండి. ల్యాప్‌టాప్ మీద టీ తాగేలోపు అయిపోతుంది. వచ్చిన రెండు వందల రేట్లు ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో చూస్తే, ప్రయోగానికి ఎక్కువసేపు కొలవాలా, బలమైన న్యూట్రాన్ సోర్స్ కావాలా, లేక గైడ్‌తో కూర్చుని ప్రశ్ననే మార్చుకోవాలా అన్నది ఆ సాయంత్రమే తెలుస్తుంది.